వేళ్లు కోసిన మొక్కలు

నా చేతిరాత బాగుంటుంది. నా జన్మకి అంటుకున్న అనర్థాల్లో అదొకటి. బళ్లో పంతులమ్మ నా పలక ఎత్తి అందరికీ చూపించినప్పుడు మురిసిపోయాను గానీ, ఆ గుండ్రటి అక్షరాలే ఒకరోజు నా చేత అబద్ధాలు చెప్పిస్తాయని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

మొగుడితో పొసగక బట్టల సంచితో వచ్చేసినప్పుడు అక్కా బావా తమ మేడ మీద గది నాకిచ్చారు. కింద వాళ్ల ఇల్లు, ఇంటి ముందు వాళ్ల నర్సరీ. కూర్చుని తినడం నాకు పడదు కాబట్టి ట్యాగులు రాసే పని పట్టాను. కుండీలో గుచ్చే తెల్ల ప్లాస్టిక్ పట్టీ మీద మూడు వరసలు: మొక్క పేరు, నీళ్లు ఎప్పుడు, వెలుతురు ఎంత. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా వానకి కరిగిపోతుంది. జనం మొక్కని చూడరు, ట్యాగు చదువుతారు. అక్షరం చక్కగా ఉంటే ప్రాణం పోతున్న మొక్కని కూడా గుండెకి హత్తుకుని తీసుకుపోతారు.

"మరదలా, నీది బ్రహ్మరాత," అనేవాడు బావ. "నువ్వొకసారి రాశాక మొక్క కూడా కాదనలేదు."

బావది తీపి మాట. గొంతు పెంచడం ఆయనకి తెలియదు, పెంచే అవసరం ఎప్పుడూ రాలేదు. ఆయన మంచిదంటే అక్కకి మంచిది, చెడ్డదంటే చెడ్డది. నోట్లో నాలుక లేని మనిషి మా అక్క. ఇరవై ఏళ్లుగా నీళ్ల పైపు పట్టుకుని, ఆయన చెప్పిన వరసలో, ఆయన చెప్పినంత నీళ్లు పడుతూ ఉంది.

ఆ ఏడాది వానలు మొదలైన వారంలో ఒక వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు మూడు గోనెసంచులు దించాడు. విప్పితే పాత పేపర్లలో చుట్టిన నలభై మొక్కలు. స్లిప్పర్ ఆర్కిడ్లట. పువ్వు కింది రేకు చెప్పు ముందుభాగంలా బోలుగా ఉంటుందని ఆ పేరు. బావ ముఖం వెలిగిపోయింది. ఈ రకం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు.

నాకు మాత్రం చూడగానే అనుమానం వచ్చింది. పెంపకం మొక్కలు యూనిఫారం వేసుకున్న బడిపిల్లల్లా ఉంటాయి. ఒకే ఎత్తు, ఒకే వయసు, వేళ్లు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. వీటిలో ఏ రెండూ ఒకలా లేవు. కొన్నింటి ఆకులు పురుగు కొరికినవి, కొన్ని ఎప్పుడో విరిగి మానినవి. వేళ్ల సందుల్లో కుళ్లిన ఆకులు, నాచు. ఒక మొక్క అయితే వేళ్లతో ఒక తెల్లరాతి పెచ్చుని పట్టుకుని ఉంది, రాయితో పాటే ఊడొచ్చింది.

"వానకి కొండ మెత్తబడిందండీ," అన్నాడు డ్రైవరు, ఘనకార్యం చెప్పుకుంటున్నట్టు. "ఇప్పుడైతే చేత్తో లాగితే వచ్చేస్తాయి. ఎండల్లో అయితే గునపం కావాలి."

బావ అతని భుజం మీద చెయ్యేసి టీ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోయాడు. తిరిగొచ్చాక అడిగాను.

"బావా, ఇవి అడవివి కదా. అమ్మకూడదు కదా."

"అడవిలో పుట్టకపోతే మొక్క ఎక్కడ పుడుతుంది, ఆస్పత్రిలోనా?" నవ్వాడు. "రాసుకో. మొదటి వరస, ఫారం మొక్క, హైబ్రిడ్. రెండోది, వారానికి ఒకసారి నీళ్లు. మూడోది, మంచి వెలుతురు."

"ఆ రెండూ మనం మామూలు ఆర్కిడ్లకి రాసేవే."

"ఆర్కిడ్ అంటే ఆర్కిడ్డే. ఇరవై ఏళ్ల అనుభవం నాది, నాకు చెప్తావా?"

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. నేను రాశాను. నలభై ట్యాగులు, నలభై సార్లు ఫారం మొక్క. ఈ తప్పులో నా వాటా నేను దాచుకోను. రాశాను.

ఆ మధ్యాహ్నం అక్కని పిలిచి వేళ్లు చూపించాడు. "చూశావా, అన్నీ గోధుమరంగుకి తిరిగి బూజు పట్టాయి. కుళ్లినవన్నీ కోసెయ్. శుభ్రంగా కనపడాలి." మేం ఎప్పుడూ అమ్మే ఆర్కిడ్ల వేరు బతికుంటే తెల్లగా ఉంటుంది, గోధుమరంగు వచ్చిందంటే పోయినట్టే. అక్కకీ అదే తెలుసు. పీట వేసుకుని కత్తెర పట్టి పొద్దు వాలేదాకా కోసింది. ఎంత జాగ్రత్తగా కోసిందంటే, ప్రతి కోతకీ కత్తెరని గుడ్డతో తుడిచింది. కాళ్ల దగ్గర వేళ్ల గుట్ట పెరిగింది. అంత శ్రద్ధగా ఆ పాపం చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు ఊడుస్తుంటే నా బల్ల కింద ఒక పేపరు పొట్లం దొరికింది. తెల్లరాయిని పట్టుకున్న మొక్క. దొర్లి కత్తెరకి దొరక్కుండా తప్పించుకుంది. దాన్ని బావకి చూపించలేదు. అంచు విరిగిన ఒక మట్టికుండీలో బెరడు ముక్కలు, బొగ్గు వేసి, రాయితో సహా నాటి నా గది కిటికీలో పెట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. నలభై అబద్ధాలు రాశాక ఒక్కదాన్నైనా దాచుకోవాలనిపించింది.

ఆ మొక్కలు కొన్న మొదటివాళ్లలో నర్సమ్మ ఒకరు. మా వీధి చివర ఇంట్లో ఒక్కతే ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొక్క కొనడానికి నోటుబుక్కుతో వచ్చిన మనిషిని ఆవిడనే చూశాను.

"దీని సొంత పేరేంటమ్మాయ్? హైబ్రిడ్ అంటే ఇంటిపేరులాంటిది. దీని పేరు?"

"పువ్వు పూస్తే గానీ తెలియదమ్మా," అన్నాను. అది మాత్రం నిజం.

"అయితే పూయిద్దాం," అంది. నా ట్యాగు మీది మూడు వరసలూ బుక్కులో ఎక్కించుకుంది. "నీ అక్షరం డాక్టర్లకి నేర్పించాలి తల్లీ. చదవగలిగే మందుచీటీ నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు."

ఆ మెచ్చుకోలుకి చెంప మీద కొట్టించుకున్నట్టయింది.

ప్రతి ఆదివారం వచ్చేది. బుక్కు తెరిచి చూపించేది. ఏ రోజు నీళ్లు పోసింది, ఎంత పోసింది, గదిలో వేడెంత, ఆకు ఎలా ఉంది. రోగి మంచానికి కట్టే చార్టులాగే గీతలు గీసి రాసింది. రెండో ఆదివారానికి ఆకు మెత్తబడిందని ఉంది. మూడో ఆదివారానికి ముడతలు పడ్డాయని ఉంది. అదే రోజుల్లో మా నర్సరీలో ఎండ ఆపే షేడ్‌నెట్ కింద ఉన్నవి కూడా ఒకటొకటిగా వాలిపోతున్నాయి. బావ వాలినవాటిని వెనక్కి, నిలబడ్డవాటిని ముందుకి జరిపేవాడు. నా కిటికీలోది మాత్రం నిటారుగా ఉంది. వారానికోసారి కాదు, బెరడు ఆరేలోపే నీళ్లు పోస్తూ వచ్చాను. ఎండ తగలని మూల పెట్టాను. ఆకుల నడిబొడ్డులో నీళ్లు నిలవకుండా గుడ్డ అంచుతో అద్దేదాన్ని. ఎవరూ చెప్పలేదు. కొండపగులులో వానకి తడుస్తూ నీడన బతికిన దానికి ఇంకేం కావాలి? ట్యాగు రాసిన దాన్నే, నా ట్యాగుని నేనే నమ్మలేదు.

వేరు తవ్వి చూశాను కూడా. గోధుమరంగులోనే ఉంది, ఒంటినిండా నూగు. వేలితో నొక్కితే గట్టిగా ఉంది. కొస మాత్రం లేతగా, తెల్లగా, కొత్తగా సాగుతోంది. అంటే ఈ జాతికి బతికున్న వేరే అలా ఉంటుంది. అక్క కోసింది కుళ్లు కాదు, ప్రాణం. అరికాలి మంట నెత్తికెక్కింది. కిందికి దిగి బావని పట్టుకున్నాను.

"బావా, మనం బతికున్న వేళ్లు కోశాం. ఈ మొక్కల వేళ్లు గోధుమరంగులోనే ఉంటాయి. అమ్మడం ఆపండి. కొన్నవాళ్లకి చెప్పండి."

ఆయన గులాబీ కుండీ తిప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "మేడ మీద గదికి వెలుతురు బాగా వస్తుందా మరదలా?"

"వస్తుంది."

"గాలి?"

"వస్తుంది."

"అయితే హాయిగా ఉండు." నవ్వాడు. "అక్కతో ఈ మాటలు చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది."

అంతే. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. నోరు మూసుకుని మెట్లెక్కాను. ఆ మెట్ల మీద నా మీద నాకు వచ్చిన కోపం ముందు బావ మీద కోపం ఎంత?

నడి వానాకాలంలో నా మొక్క మొగ్గ వేసింది. కొండ మీదే కడుపులో పెట్టుకుని వచ్చినట్టుంది. ఆదివారం నర్సమ్మ వచ్చినప్పుడు ఆవిణ్ణి మేడ మీదికి తీసుకెళ్లాను. పువ్వు విచ్చి రెండు రోజులైంది. పై రేకు తెల్లగా, మీద పచ్చటి గీతలు. పక్క రేకులు మీసాల్లా జారి, అంచుల్లో నల్లచుక్కలు, సన్నటి వెంట్రుకలు. కింద చెప్పులాంటి సంచి. నర్సమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మర్నాడు లైబ్రరీ నుంచి రంగుల బొమ్మల పుస్తకం మోసుకొచ్చింది.

"రంగు చూసి మోసపోకూడదట. మధ్యలో గోరంత పలక ఉంది చూడు, దాని ఆకారాన్ని బట్టి జాతి చెప్పాలట," అంది. పేజీలు తిప్పాం, పోల్చాం. ఒకచోట పలక అంచు నొక్కు, మధ్యలో పచ్చటి బుడిపె, అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. నర్సమ్మ వేలు పెట్టి చదివింది. "హైబ్రిడ్ కాదిది. సున్నపురాతి కొండపగుళ్లలో మాత్రమే పెరిగే జాతి. పీకి అమ్ముకోవడం వల్ల చాలాచోట్ల కనపడకుండా పోయింది." తలెత్తి నన్ను చూసింది. తర్వాత కుండీలోని తెల్లరాతి పెచ్చుని చూసింది.

ఆ క్షణంలో చెప్పేయాలి. నాలుక చివరిదాకా వచ్చింది. చూరు గుర్తొచ్చింది, సంచి గుర్తొచ్చింది, ఈ వయసులో మళ్లీ ఎవరి గుమ్మం ఎక్కాలన్నది గుర్తొచ్చింది. నీళ్లు నమిలాను.

"నాది కూడా ఇదే అయ్యుండాలి. నీది ఇంత బాగుంటే నాదెందుకు అలా అయింది?" అంది ఆవిడ, తనలో తనే.

రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం వచ్చింది. నర్సరీ నిండా జనం. బావ కౌంటరు దగ్గర, నేను నా బల్ల దగ్గర, అక్క పైపుతో ఫెర్న్‌ల వరసలో. నర్సమ్మ చేతిలో మా కుండీ ఉంది. అందులో మొక్క అనదగ్గది ఏమీ లేదు. ఎండిన తోలుపట్టీల్లాంటి నాలుగు ఆకులు, నా ట్యాగు. ట్యాగు మాత్రం చెక్కు చెదరలేదు.

"క్షమించు తల్లీ," అంది. నాతో అంది, బావతో కాదు. "ముప్ఫై ఆరేళ్లు మనుషుల్ని కనిపెట్టుకున్నాను. ఒక్క మొక్కని కనిపెట్టుకోలేకపోయాను. నువ్వు రాసినట్టే చేశాను. ఎక్కడో నేనే పొరపాటు చేసుంటాను. చెబుతావా ఎక్కడో?"

బుక్కు నా బల్ల మీద పెట్టి తెరిచింది. పదకొండు వారాల చార్టు.

బావ కౌంటరు దగ్గర్నించే అందుకున్నాడు. పాలూ తేనే కలిసిన గొంతు. "పోన్లెండమ్మా, బాధపడకండి. ఆర్కిడ్ అందరి చేతికీ అచ్చిరాదు. ఇంకోటి పట్టుకెళ్లండి, ఈసారి చూసి పోయండి నీళ్లు."

అందరి చేతికీ అచ్చిరాదు. ఆ మాటకి నాలో ఏది తెగిందో తెగింది. చేసిందంతా చేసి, చచ్చినదాన్ని ఆ ముసలావిడ చేతికే అంటగడుతున్నాడు. ఆవిడ తల దించుకుంటోంది కూడా. గది పోతే పోయింది. చూరు పోతే పోయింది.

"అది మీ చేతిలో చావలేదమ్మా," అన్నాను. "మా చేతిలో చచ్చాకే మీకు అమ్మాం."

"మరదలా, లోపలికి వెళ్లి ఎరువు సంచులు లెక్క చూడు," అన్నాడు బావ, నవ్వుతూనే.

"లెక్క ఇక్కడే ఉంది." కుండీ బోర్లించాను. బెరడు ముక్కలు బల్ల మీద చిందాయి. మొక్క అడుగున వేళ్లు ఉండాల్సిన చోట అరంగుళం మొదళ్లు, అన్నీ నున్నగా, ఒకే ఎత్తున. జనం దగ్గరికి జరిగారు. "ఫారం మొక్క కాదు, కొండ మీంచి పీకి తెచ్చింది. హైబ్రిడ్ కాదు. వారానికోసారి నీళ్లు అబద్ధం, మంచి వెలుతురు అబద్ధం. రాసింది నేను. తెలిసే రాశాను. మీరు నా రాత నమ్మారు, అదొక్కటే మీ పొరపాటు."

నర్సమ్మ ముందుకి వంగింది. ఒక మొదలుని వేలితో తడిమింది.

"కుళ్లు కాదిది. కత్తెర కోత," అంది నెమ్మదిగా. "తుడిచిన కత్తెర. మంచి చెయ్యే. ఎవరు కోశారు?"

బావ గొంతు సవరించుకున్నాడు. "దారిలో వ్యానులో ఏదో..."

"నేనండీ," అంది అక్క.

అందరం అటు తిరిగాం. పైపు చేతిలో అలాగే ఉంది, నీళ్లు ఆమె కాళ్ల మీద పడుతున్నాయి. "నేనే కోశాను. ఆ మొక్కలన్నీ." నన్నడిగింది. "అవి బతికున్నవా?"

"బతికున్నవే అక్కా."

తలూపింది. వంగి పైపు కట్టేసి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

జనం పోయాక నేను నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంకా పంతొమ్మిది మొక్కలు మిగిలున్నాయి, వాలినవీ వాలబోయేవీ. పంతొమ్మిది కొత్త పట్టీలు తీశాను. నా జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ రాయలేదు. అడవి మొక్క. పీకి తెచ్చింది. వేళ్లు కోసేశాం, బతకడం కష్టం. అన్నీ గుచ్చి లేచేసరికి బావ వెనకాలే ఒక్కొక్క పట్టీ పీకి బక్కెట్‌లో వేస్తూ వచ్చాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లకి ఈ ఇంట్లో చోటు లేదు," అన్నాడు.

"లెక్కపెట్టానండీ. అన్నీ చెదలు పట్టినవే."

సంచి సర్దుకోవడానికి ఎంతసేపు? వచ్చినప్పటి సంచే. ఒక చేత్తో అది, ఇంకో చేత్తో నా కుండీ. అక్క గది తలుపు మూసి ఉంది. తట్టాను, తియ్యలేదు. ఆ తలుపు ముందు నిలబడి నిజంగా ఏడ్చాను. నేను చెప్పిన నిజం ముందు తగిలింది ఆమెకే అని, ఆయనకి చిన్న గీరు కూడా పడలేదని కోపం వచ్చింది.

నర్సమ్మ ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. నేను అడగలేదు, ఆవిడ పిలవలేదు. నేను గేటు దగ్గర నిలబడితే, కుండీ అందుకుని, "దీనికి ఏ కిటికీ కావాలి?" అని మాత్రం అడిగింది. పువ్వు ఇంకో మూడు వారాలు నిలిచింది. రాలాక మొదట్లోంచి పక్క పిలక లేచింది. ఒకసారి పూసిన కొమ్మ మళ్లీ పూయదట, పిలక పెద్దదై పూయాల్సిందే. నర్సమ్మ కొత్త బుక్కు మొదలుపెట్టింది. ఈసారి ట్యాగు లేదు, వేలితో బెరడు తాకి చూసి నీళ్లు పోస్తున్నాం. నాకు ఆవిడ పాత ఆసుపత్రిలోనే రిజిస్టర్లు రాసే పని దొరికింది. అక్కడ తప్పుడు పేరు రాస్తే మనుషులు పోతారు కాబట్టి ఎవరూ నా చేత అబద్ధాలు రాయించరు.

వానలు వెనకపట్టాక, మరిచిపోయిన గొడుగు కోసం ఒక పొద్దున నర్సరీకి వెళ్లాను. గేటులోంచే నా కళ్లు షేడ్‌నెట్ కిందికి పోయాయి. పంతొమ్మిదిలో ఏడు మిగిలాయి. ఏడింటికీ ట్యాగులున్నాయి. బావ మళ్లీ ఏ అబద్ధం గుచ్చాడో అని పళ్లు కొరుక్కుంటూ దగ్గరికి వెళ్లాను.

ఆ రాత నాది కాదు. అక్షరాలు వంకర టింకరగా, ఒకటి పైకెక్కి ఒకటి కిందికి జారి ఉన్నాయి. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కిందంటే పట్టీ మీద గాట్లు పడ్డాయి. అన్నింటి మీదా ఒకటే మాట. అడవి మొక్క. వేళ్లు నేను కోశాను. కొనకండి.

కౌంటరు దగ్గర బావ నా వైపు చూడలేదు. పక్కనున్న బక్కెట్ నిండా అవే వంకర అక్షరాల పట్టీలు. పీకిన కొద్దీ మళ్లీ రాసి గుచ్చుతోందని ఆ బక్కెట్ చూస్తే తెలిసింది. ఒక కొనేవాడు వంగి చదివి, కౌంటరు వైపు ఒకసారి చూసి, ఖాళీ చేతులతో బయటికి పోయాడు.

అక్క షేడ్‌నెట్ కింద పీట వేసుకుని కూర్చుని ఉంది. పైపు లేదు. గ్లాసుతో కొద్దికొద్దిగా, నడిబొడ్డులో పడకుండా, కుండీ అంచు వెంట నీళ్లు పోస్తోంది. నన్ను చూసి కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నీ అంత బాగా రాయలేను," అంది. "చదవడానికి వస్తోందా?"

"వస్తోందక్కా," అన్నాను.